విండోస్ 11 వేశాక పాత ప్రింటర్ పలకట్లేదా? పారేసే ముందు ఇవి చూడండి

“అన్నా, నిన్న సాయంత్రం దాకా బంగారంలా పనిచేసింది. రాత్రి విండోస్ మారింది, పొద్దున్నుంచి ప్రింటర్ పలకట్లేదు.”

2025 అక్టోబరు 14న విండోస్ 10కి మామూలు సపోర్టు ఆగిపోయిన దగ్గర్నుంచి నాకు ఎక్కువగా వచ్చే ఫోన్లు ఇవే. జిరాక్స్ సెంటర్ల వాళ్లు, మందుల షాపుల వాళ్లు, రైస్ మిల్లుల్లో కాంటా దగ్గర కూర్చునే గుమస్తాలు, అందరిదీ ఒకటే గోడు. ఒక్కొక్కరికీ ఫోన్లో “ఎడమ చేతి వైపు చూడు, కింద ఏముంది చదువు” అని చెప్పుకుంటూ కూర్చుంటే పొద్దుపోతోంది. అందుకే ఇక్కడ వరుసగా రాసేస్తున్నాను. మీ ముందు కంప్యూటర్ తెరిచి పెట్టుకుని చదవండి.

ముందు ఒక్క మాట. ఇలాంటప్పుడు చాలాసార్లు మీ యంత్రానికి ఏమీ కాదు. ప్రింటర్‌కీ విండోస్‌కీ మధ్య డ్రైవర్ అనే దుబాసీ ఉంటాడు. విండోస్ మారినప్పుడు ఆ దుబాసీ వెళ్లిపోతాడు, లేదా కొత్త దొర వాణ్ని గుమ్మం దగ్గరే ఆపేస్తాడు, లేదా లోపలే ఉండి వేరే గదిలో కూర్చుంటాడు. ఈ మూడింటిలో ఏది జరిగిందో తెలియకుండా గూగుల్లో వెతికి కనపడిన డ్రైవరల్లా దింపుకోవడమే అందరూ చేసే తప్పు.

నేనూ చేశాను. హాల్‌టికెట్ల రోజుల్లో ఒక జిరాక్స్ షాపుకు వెళ్లి, బయట పిల్లలు వరసలో నిలబడి ఉంటే ఆ కంగారులో ఒకదాని మీద ఒకటి నాలుగు డ్రైవర్లు వేశాను, తీశాను. మధ్యాహ్నానికి తేలిందేమిటంటే, అప్‌గ్రేడ్ అయ్యాక డీఫాల్ట్ ప్రింటర్ “మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్”కి మారిపోయింది. అంతే. పొద్దుటి నుంచి ప్రింట్ కొట్టినప్పుడల్లా ఫైలు సేవ్ చేయమని అడుగుతుంటే, షాపాయన క్యాన్సిల్ కొడుతున్నాడు. పిల్లలు ఈలోపు పక్క షాపుకు పోయారు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- ప్రింటర్ లేదా స్కానర్ పూర్తి మోడల్ పేరు. ముందువైపు బొమ్మలాగా రాసింది కాదు, వెనక లేదా అడుగున అంటించిన స్టిక్కర్ మీద ఉన్నది. చివర ఒక్క అక్షరం తేడా ఉన్నా డ్రైవర్ మారొచ్చు.
- దాని అసలు యూఎస్‌బీ కేబుల్. హబ్, ఎక్స్‌టెన్షన్ ఉంటే పక్కన పెట్టండి.
- కంప్యూటర్ అడ్మిన్ పాస్‌వర్డ్.
- ఖాళీ పెన్‌డ్రైవ్ ఒకటి.
- బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) రికవరీ కీ. మీ డిస్క్‌కి ఎన్‌క్రిప్షన్ ఉందో లేదో చాలామందికి తెలియదు. ఉంటే, మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్లి చూస్తే ఎక్కువసార్లు కీ కనిపిస్తుంది. ముందే కాగితం మీద రాసుకోండి, అవసరం పడ్డాక వెతికితే దొరకదు.

అప్‌గ్రేడ్ అయ్యి 10 రోజులు దాటకపోతే మీ చేతిలో ఇంకో దారి ఉంది. “సెట్టింగ్స్”లో “సిస్టమ్”, అందులో “రికవరీ”కి వెళితే “గో బ్యాక్” అనే బటన్ ఉంటుంది. అది నొక్కితే పాత విండోస్ 10 తిరిగి వస్తుంది. రేపు పొద్దున్నే కచ్చితంగా ప్రింట్లు ఇవ్వాలంటే ఇప్పటికి వెనక్కి వెళ్లి, తీరిక దొరికినప్పుడు మళ్లీ చూసుకోవడం తప్పేమీ కాదు. 10 రోజులు దాటితే ఆ బటన్ పోతుంది. జాగ్రత్త: సి డ్రైవ్ నిండిపోయిందని “పాత విండోస్ ఫైళ్లు” తుడిచేస్తే ఆ క్షణమే ఈ దారి మూసుకుపోతుంది. “విండోస్.ఓల్డ్” అనే ఫోల్డర్ కనిపిస్తే ఇప్పుడే ముట్టుకోకండి. 5వ మెట్టులో దానితో పని ఉంది.

వరుసగా చేయాల్సినవి

1. యంత్రం బతికే ఉందా?

యూఎస్‌బీ కేబుల్ పీకేసి ప్రింటర్‌తోనే సెల్ఫ్ టెస్ట్ తీయండి. చాలా చిన్న లేజర్ ప్రింటర్లకు మీద ఉన్న బటన్ కొన్ని సెకన్లు నొక్కి పడితే టెస్ట్ పేజీ వస్తుంది. ఎప్సన్ ఎల్ఎక్స్-300 లాంటి డాట్ మ్యాట్రిక్స్‌కైతే “ఎల్ఎఫ్/ఎఫ్ఎఫ్” బటన్ నొక్కి పట్టుకుని స్విచ్ ఆన్ చేయాలి. పేజీ రాకపోతే తప్పు విండోస్‌ది కాదు, మెకానిక్‌ని పిలవండి. వస్తే ముందుకు వెళ్దాం.

2. రీస్టార్ట్ చేయండి, షట్‌డౌన్ కాదు

విండోస్ 10లోలాగే 11లోనూ ఫాస్ట్ స్టార్టప్ ఉంటుంది. షట్‌డౌన్ చేసి ఆన్ చేసినా పాత స్థితిలో కొంత భాగం అలాగే మిగిలి ఉంటుంది. “రీస్టార్ట్” కొడితేనే నిజంగా కొత్తగా మొదలవుతుంది. కేబుల్‌ని ఈసారి సీపీయూ వెనకవైపు నల్లగా ఉన్న యూఎస్‌బీ పోర్టులో పెట్టండి. కొన్ని పాత స్కానర్లకూ ప్రింటర్లకూ నీలం రంగు 3.0 పోర్టు పడదు. ల్యాప్‌టాప్‌లో అన్నీ 3.0 పోర్టులే ఉంటే, పాత 2.0 హబ్ ఒకటి మధ్యలో పెట్టి చూడొచ్చు. పైన హబ్ తీసేయమన్నది నేనే, ఈ ఒక్క సందర్భంలో మాత్రం అదే మందు.

3. ప్రింట్ ఎటు వెళ్తోంది?

“సెట్టింగ్స్”లో “బ్లూటూత్ అండ్ డివైసెస్”, అందులో “ప్రింటర్స్ అండ్ స్కానర్స్” తెరవండి. ఇక్కడ నాలుగు చూడాలి.

“లెట్ విండోస్ మేనేజ్ మై డీఫాల్ట్ ప్రింటర్” ఆన్‌లో ఉంటే ఆఫ్ చేసి, మీ ప్రింటర్‌ని మీరే డీఫాల్ట్ చేయండి.

మీ ప్రింటర్ పేరు పక్కన “కాపీ 1” అని ఇంకొకటి ఉందా? ఉంటే పాతది ఉత్త పేరే, అసలు ప్రింటర్ ఆ “కాపీ”లో ఉంది.

క్యూలో పాత పనులు ఇరుక్కుపోయాయా? ఉంటే అన్నీ క్యాన్సిల్ చేయండి. పోవట్లేదంటే “సర్వీసెస్”లో (స్టార్ట్‌లో ఆ పేరుతో వెతకండి) “ప్రింట్ స్పూలర్” అనే, ప్రింట్ల వరసని నడిపే సర్వీసుని ఆపి, సి డ్రైవ్‌లో విండోస్, సిస్టమ్32, స్పూల్, ప్రింటర్స్ ఫోల్డర్‌కి వెళ్లి లోపలి ఫైళ్లు మాత్రమే తీసేసి, స్పూలర్ మళ్లీ స్టార్ట్ చేయండి. ఫోల్డర్‌నే తీసేస్తే కొత్త తలనొప్పి.

నాలుగోది కొత్తది. విండోస్ 11లో 24హెచ్2 అనే వెర్షన్ నుంచి “విండోస్ ప్రొటెక్టెడ్ ప్రింట్ మోడ్” అని ఒకటి వచ్చింది. మామూలుగా అది ఆఫ్‌లోనే ఉంటుంది. ఎవరో “సెక్యూరిటీ” అన్న మాట చూసి ఆన్ చేసి ఉంటే, కంపెనీ డ్రైవర్‌తో నడిచే పాత ప్రింటర్లన్నీ మాయమవుతాయి. ఆఫ్ చేయండి.

4. డివైస్ మేనేజర్ ఏమంటోందో చదవండి

స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి “డివైస్ మేనేజర్” తెరవండి. పసుపు త్రికోణం ఉన్నదాన్ని డబుల్ క్లిక్ చేస్తే ఒక కోడ్ కనిపిస్తుంది. ఫోన్ చేసి “ఏదో ఎర్రర్ వస్తోంది” అంటారు గానీ ఈ నంబరు చెప్పరు. రోగం పేరు అదే.

- కోడ్ 28: డ్రైవరే లేదు. నేరుగా 5వ మెట్టుకు వెళ్లండి.
- కోడ్ 10: డ్రైవర్ ఉంది, పరికరం మొదలవ్వట్లేదు. పోర్టు, కేబుల్ మార్చి చూడండి. సీరియల్ కేబుల్ అయితే కింద కాంటా గురించి రాసిన చోటికి వెళ్లండి.
- కోడ్ 39: డ్రైవర్ ఫైలు పాడైంది లేదా విండోస్ దాన్ని లోడ్ చేయలేకపోతోంది. కోడ్ 48: ఈ డ్రైవర్‌తో ఇబ్బందులున్నాయని తెలిసి విండోసే ఆపేసింది. రెండింటికీ 7వ మెట్టు చూడండి.
- కోడ్ 52: డ్రైవర్ మీద ఉండాల్సిన డిజిటల్ సంతకం సరిపోలేదు. దీని గురించీ 7వ మెట్టులో ఉంది.
- కోడ్ 43: పరికరమే తప్పు చెబుతోంది. ఎక్కువసార్లు కేబులో, కరెంటు అందకపోవడమో కారణం.

అసలు అక్కడ కొత్తగా ఏమీ కనిపించకపోతే, కేబుల్ పీకి పెట్టినప్పుడు విండోస్ నుంచి ఆ “టుడుం” శబ్దం వస్తోందా వినండి. శబ్దం కూడా లేకపోతే ఏ డ్రైవరూ పనికిరాదు, కేబుల్ మార్చండి.

5. సరైన డ్రైవర్ సంపాదించండి

నేను పాటించే వరుస ఇది.

మొదట మీ సొంత కంప్యూటర్‌లోనే వెతకండి. “విండోస్.ఓల్డ్” ఇంకా ఉంటే దాని లోపల విండోస్, సిస్టమ్32, డ్రైవర్‌స్టోర్, ఫైల్‌రిపాజిటరీ అనే ఫోల్డర్ ఉంటుంది. నిన్నటి దాకా పనిచేసిన డ్రైవర్ అక్కడే ఉంది. ఆ ఫైల్‌రిపాజిటరీ మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసేయండి. కొంచెం పెద్దదే, అయినా చేయండి. తర్వాత విండోస్ డ్రైవర్ అడిగినప్పుడు ఆ ఫోల్డర్ చూపిస్తే, సరిపోయింది అదే ఏరుకుంటుంది.

రెండోది తయారీ కంపెనీ సైటు. అక్కడ విండోస్ 11 అని లేకపోతే నిరాశపడకండి. విండోస్ 10 64-బిట్ కోసం ఇచ్చింది చాలావరకు 11లోనూ నడుస్తుంది. 64-బిట్ అన్నదే ముఖ్యం. విండోస్ 11లో 32-బిట్ రకమే లేదు. మీరు ఇన్నాళ్లూ 32-బిట్ విండోస్ 10 వాడి, ఫార్మాట్ కొట్టించి 11 వేయించుకుని ఉంటే, దాచుకున్న పాత సీడీలోని డ్రైవర్ ఇక పనికిరాకపోవచ్చు.

మూడోది మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ క్యాటలాగ్ సైటు. డివైస్ మేనేజర్‌లో పరికరం “ప్రాపర్టీస్”, “డీటెయిల్స్”, “హార్డ్‌వేర్ ఐడీస్”కి వెళ్లి, వీఐడీ, పీఐడీ అని ఉన్న వరుసను కాపీ చేసి అక్కడ వెతకండి. పేరుతో వెతికితే దొరకనివి కూడా ఈ నంబరుతో దొరుకుతాయి. క్యాబ్ ఫైలు వస్తుంది, దాన్ని ఒక ఫోల్డర్‌లో విప్పుకోండి.

జాగ్రత్త: “డ్రైవర్ అప్‌డేటర్” అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్లు, వెతకగానే పైన ప్రకటనలుగా వచ్చే “ఫ్రీ డ్రైవర్ డౌన్‌లోడ్” సైట్లు, “ప్రింటర్ సపోర్ట్” అని టోల్‌ఫ్రీ నంబరు ఇచ్చేవాళ్లు, ఈ మూడింటి జోలికీ పోకండి. మీ కంప్యూటర్‌ని దూరం నుంచి నడిపే ఎనీడెస్క్ ప్రోగ్రామ్ వేయమన్నాడంటే వాడికి మీ ప్రింటర్‌తో పని లేదు, మీ బ్యాంకు ఖాతాతో పని. దింపిన సెటప్ ఫైలు మీద రైట్ క్లిక్ చేసి “ప్రాపర్టీస్”లో “డిజిటల్ సిగ్నేచర్స్” చూడండి. అక్కడ కంపెనీ పేరు ఉండాలి.

సెటప్ నొక్కగానే “ఈ విండోస్‌కి ఇది పనికిరాదు” అంటే, దాని “ప్రాపర్టీస్”లో “కంపాటిబిలిటీ”కి వెళ్లి విండోస్ 7 అని పెట్టి మళ్లీ నడపండి. ఇక్కడ ఒక అపోహ ఉంది. ఆ మోడ్ సెటప్ ప్రోగ్రామ్‌ని మాత్రమే ఏమారుస్తుంది. లోపలి డ్రైవర్ 32-బిట్‌ది అయితే అది 64-బిట్‌గా మారిపోదు.

దగ్గరి మోడల్ డ్రైవర్ వేస్తే సరిపోతుందా అని అడుగుతారు. మన ఊళ్లల్లో ఎక్కువగా కనిపించే కొన్నింటికి సరిపోదు. క్యానన్ ఎల్‌బీపీ 2900కి సొంత క్యాప్ట్ భాష తప్ప వేరే రాదు. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 అయితే మరీ విచిత్రం. దాన్ని నడిపే ప్రోగ్రామ్ (ఫర్మ్‌వేర్) దాని లోపల ఉండదు, స్విచ్ వేసిన ప్రతిసారీ కంప్యూటర్ నుంచి డ్రైవరే పంపాలి. వీటికి “యూనివర్సల్” డ్రైవర్లు వేస్తే లైటు మిణుకుమంటుంది, కాగితం కదలదు. ప్రింటర్ పోయిందనుకుంటారు.

ఏఆర్ఎమ్ ల్యాప్‌టాప్‌లు: కొత్తగా కొన్నది స్నాప్‌డ్రాగన్ ప్రాసెసర్ ల్యాప్‌టాప్ అయితే మామూలు 64-బిట్ డ్రైవర్ కూడా ఎక్కదు, ఏఆర్ఎమ్64 కోసం వేరేగా చేసింది కావాలి. పాత యంత్రాలకు అది దాదాపు దొరకదు. ఇక్కడితో ఆపి, చివర్లో రాసిన వేరే దారులు చూడండి.

6. పాతది శుభ్రంగా తీసి, కొత్తది చేతితో వేయండి

ప్రింటర్ని “రిమూవ్” చేసినంత మాత్రాన డ్రైవర్ పోదు. ఈ మెట్టు దాటేసినవాళ్లే “పదిసార్లు వేశానన్నా, అదే వస్తోంది” అంటారు. 3వ మెట్టులో తెరిచిన “ప్రింటర్స్ అండ్ స్కానర్స్” స్క్రీన్‌లోనే కింద “ప్రింట్ సర్వర్ ప్రాపర్టీస్” ఉంటుంది. అందులో “డ్రైవర్స్” ట్యాబ్‌కి వెళ్లి, మీ మోడల్ ఎంచుకుని “రిమూవ్ డ్రైవర్ అండ్ డ్రైవర్ ప్యాకేజ్” కొట్టండి. “వాడుకలో ఉంది” అని ఒప్పుకోకపోతే స్పూలర్‌ని ఒకసారి రీస్టార్ట్ చేసి, వెంటనే మళ్లీ ప్రయత్నించండి. తర్వాత కంప్యూటర్ రీస్టార్ట్.

ఇప్పుడు కంపెనీ సెటప్ ఉంటే అది నడపండి. కేబుల్ ఎప్పుడు పెట్టాలో సెటప్ చెబుతుంది, అప్పటిదాకా పెట్టకండి. ముందే పెడితే విండోస్ తనకు తోచిన డ్రైవర్ వేసేస్తుంది.

సెటప్ లేక ఉత్త డ్రైవర్ ఫోల్డరే ఉంటే ఇలా చేయండి. “యాడ్ డివైస్” కొట్టి కాసేపు ఆగితే “యాడ్ మాన్యువల్లీ” వస్తుంది. “మాన్యువల్ సెట్టింగ్స్‌తో లోకల్ ప్రింటర్” ఎంచుకోండి. పోర్టు అడిగినప్పుడు “యూఎస్‌బీ001” తీసుకోండి. తర్వాతి పేజీలో “హ్యావ్ డిస్క్” నొక్కి, మీ ఫోల్డర్‌లోని ఐఎన్ఎఫ్ ఫైలు చూపించండి. ఫోల్డర్ కూడా లేకపోతే అదే పేజీలో ఉన్న “విండోస్ అప్‌డేట్” బటన్ నొక్కి కొన్ని నిమిషాలు ఓపిక పట్టండి. ఏమీ జరగనట్టు కనిపిస్తుంది గానీ పెద్ద జాబితా వస్తుంది.

ఇక్కడే అందరూ బోల్తా పడతారు. అన్నీ సరిగ్గా వేస్తారు, ప్రింట్ కొడితే క్యూలో పడుతుంది, ఎర్రర్ వస్తుంది. కారణం పోర్టు. కేబుల్‌ని వేరే రంధ్రంలో పెట్టిన ప్రతిసారీ విండోస్ “యూఎస్‌బీ002”, “003” అని కొత్త పోర్టు పుట్టించొచ్చు. ప్రింటర్ “003” మీద ఉంటుంది, డ్రైవర్ “001” వైపు చూస్తూ ఉంటుంది. “ప్రింటర్ ప్రాపర్టీస్”లో “పోర్ట్స్” ట్యాబ్ తెరిచి ఒక్కొక్క యూఎస్‌బీ పోర్టుకీ టిక్ మార్చి టెస్ట్ పేజీ కొట్టండి. డ్రైవర్ సరైనదే అయినా ప్రింట్ రాని సందర్భాల్లో నేను మొదట చూసేది ఇదే.

7. విండోస్ గుమ్మం దగ్గర ఆపేస్తుంటే

“ఈ పరికరంలో డ్రైవర్ లోడ్ కాదు” అని వచ్చినా, కోడ్ 39 కనిపించినా “విండోస్ సెక్యూరిటీ”లో “డివైస్ సెక్యూరిటీ”, “కోర్ ఐసోలేషన్ డీటెయిల్స్” తెరవండి. అక్కడ “మెమరీ ఇంటెగ్రిటీ” ఆన్‌లో ఉంటే పాత డ్రైవర్లు కొన్ని దాన్ని దాటలేవు. ప్రింటర్ల కంటే సాఫ్ట్‌వేర్ లాక్ డాంగిల్స్ (కొన్ని ప్రోగ్రామ్‌లు నడవాలంటే పెట్టాల్సిన యూఎస్‌బీ తాళాలు), పాత టీవీ కార్డులు, కొన్ని యూఎస్‌బీ పరికరాల విషయంలో ఇది ఎక్కువ.

ముందు ఆ డ్రైవర్‌కి కొత్త వెర్షన్ ఉందేమో చూడండి. లాక్ డాంగిల్స్‌కి చాలాసార్లు ఉంటుంది, సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లని అడిగితే ఇస్తారు. లేకపోతే మెమరీ ఇంటెగ్రిటీ ఆఫ్ చేసి రీస్టార్ట్ చేస్తే పని జరగొచ్చు. కానీ అదే కంప్యూటర్లో మీరు బ్యాంకు పనులు కూడా చేస్తుంటే నేనైతే ఆఫ్ చేయను. పాత యంత్రానికి వేరే పాత కంప్యూటర్ కేటాయిస్తాను.

కోడ్ 52కి “స్టార్టప్ సెట్టింగ్స్”లోకి వెళ్లి 7 నొక్కమని వీడియోల్లో చెబుతారు. సంతకం తనిఖీ ఆ ఒక్కసారికే ఆగుతుంది, మళ్లీ రీస్టార్ట్ అవగానే తిరిగి వస్తుంది. రోజూ అలా చేసుకుంటూ షాపు నడపలేరు. పైగా ఆ దారిలో వెళ్తే కొన్ని కంప్యూటర్లు బిట్‌లాకర్ కీ అడుగుతాయి. మొదట్లో రాసుకోమన్నది అందుకే.

స్కానర్ అయితే

“సర్వీసెస్”లో “విండోస్ ఇమేజ్ అక్విజిషన్” నడుస్తోందా చూడండి. ఆగి ఉంటే స్టార్ట్ చేసి, “ఆటోమేటిక్” పెట్టండి.

డ్రైవర్ వేసినా ఫొటోషాప్‌లో స్కానర్ కనిపించట్లేదంటే కంగారు వద్దు. ట్వెయిన్ అనే పద్ధతిలో స్కానర్‌ని ప్రోగ్రామ్‌లతో కలిపే పాత డ్రైవర్లు చాలావరకు 32-బిట్‌వి, వాటిని 32-బిట్ ప్రోగ్రామ్‌లే చూడగలవు. న్యాప్స్2 అనే ఉచిత స్కానింగ్ ప్రోగ్రామ్ వేసి, అందులో ట్వెయిన్‌తో ఒకసారి, డబ్ల్యూఐఏతో (పైన చెప్పిన విండోస్ ఇమేజ్ అక్విజిషన్) ఒకసారి ప్రయత్నించండి. అసలు డ్రైవరే దొరకని పాత స్కానర్లకు వ్యూస్కాన్ ఉంది. తన సొంత డ్రైవర్లతోనే చాలా పాత మోడళ్లను నడుపుతుంది. డబ్బు కట్టాలి, కాకపోతే ఊరికే పరీక్షించుకునే వీలుంది. మీ మోడల్ పనిచేస్తోందని కళ్లారా చూశాకే కొనండి.

కాంటా, సీరియల్ కేబుల్

మా మిర్యాలగూడ వైపు మిల్లుల్లో ఇదే పెద్ద గొడవ. కాంటా నుంచి వచ్చే సీరియల్ వైరుకి యూఎస్‌బీ కన్వర్టర్ పెట్టి ఉంటారు. డివైస్ మేనేజర్‌లో పరికరం పేరు ఉండాల్సిన చోట “పీఎల్2303హెచ్ఎక్స్ఏ 2012 నుంచి ఆపేశాం, అమ్మినవారిని సంప్రదించండి” అన్న అర్థం వచ్చే ఇంగ్లిష్ వాక్యం కనిపిస్తే, అది ప్రొలిఫిక్ పాత చిప్. కొత్త డ్రైవర్ ఆ చిప్‌ని కావాలనే వదిలేసింది.

ప్రొలిఫిక్ పాత డ్రైవర్ 3.3.2.105 వేసి, డివైస్ మేనేజర్‌లో “అప్‌డేట్ డ్రైవర్”, “బ్రౌజ్ మై కంప్యూటర్”, “లెట్ మీ పిక్” వరుసలో వెళ్లి ఆ వెర్షన్ ఎంచుకుంటే చాలావరకు కదులుతుంది. కొన్నాళ్లకు విండోస్ అప్‌డేట్ మళ్లీ కొత్తది వేసేస్తుంది, మళ్లీ ఇదే తంతు. నా సలహా అడిగితే ఎఫ్‌టీడీఐ లేదా సీహెచ్340 చిప్ ఉన్న కేబుల్ కొని తగిలించేయండి. లారీలు వరసలో నిలబడి ఉండగా డ్రైవర్లు వెతకడం కంటే అదే చౌక.

కేబుల్ మారినా బరువు రావట్లేదంటే కామ్ పోర్టు (సీరియల్ కేబుల్‌కి విండోస్ ఇచ్చే పోర్టు) నంబరు మారి ఉంటుంది. కాంటా సాఫ్ట్‌వేర్ కామ్ 1లో వెతుకుతుంది, కొత్త కేబుల్ కామ్ 5లో కూర్చుంటుంది. డివైస్ మేనేజర్‌లో “పోర్ట్ సెట్టింగ్స్”, “అడ్వాన్స్‌డ్”లో నంబరు మార్చండి. “ఇన్ యూజ్” అని ఉన్నా, అది పాత కేబుల్ వదిలేసిన గుర్తే అయితే పర్వాలేదు, తీసుకోండి. బాడ్ రేటు (డేటా వెళ్లే వేగం) మాత్రం కదిలించకండి. అది కాంటా డిస్‌ప్లేలో పెట్టినదానితో సరిపోవాలి.

డాట్ మ్యాట్రిక్స్

బిల్లులు, చీటీలు తీసే డాట్ మ్యాట్రిక్స్‌కి డ్రైవర్ దొరక్కపోతే, 6వ మెట్టులో తయారీదారు “జెనరిక్”, మోడల్ “జెనరిక్/టెక్స్ట్ ఓన్లీ” ఎంచుకోండి. ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు చకచకా వస్తాయి. తెలుగు మాత్రం రాదు. తెలుగు అక్షరం బొమ్మగా వెళ్లాలి, ఈ డ్రైవర్ బొమ్మలు పంపదు. తెలుగు బిల్లు కావాలంటే ఎప్సన్ డ్రైవరే కావాలి.

పక్క కంప్యూటర్ నుంచి షేర్ చేసుకుంటే

చివర 11బి అని వచ్చే ఎర్రర్ 2021 సెప్టెంబరు సెక్యూరిటీ అప్‌డేట్‌తో మొదలైంది. రిజిస్ట్రీలో సున్నా పెట్టమని అందరూ చెప్పేది ఆ రక్షణని తీసేయడమే. దానికి బదులు, రెండో కంప్యూటర్లో డ్రైవర్‌ని ముందు విడిగా వేసుకోండి. తర్వాత “లోకల్ పోర్ట్” కొత్తగా సృష్టించి, పోర్టు పేరు అడిగిన చోట రెండు వెనక్కి వాలిన గీతలు, మొదటి కంప్యూటర్ పేరు, ఇంకో గీత, షేర్ పేరు ఇవ్వండి.

24హెచ్2లో ఇంకో మెలిక. పాస్‌వర్డ్ లేని గెస్ట్ షేరింగ్‌ని విండోస్ ఒప్పుకోదు. ప్రింటర్ ఉన్న కంప్యూటర్లో పాస్‌వర్డ్ ఉన్న యూజర్ని ఒకర్ని పెట్టి, రెండోదాంట్లో “క్రెడెన్షియల్ మేనేజర్”లో ఆ పేరు, పాస్‌వర్డ్ సేవ్ చేయండి.

పని నిజంగా అయిందా? ఇలా తేల్చుకోండి

టెస్ట్ పేజీ రాగానే డబ్బులిచ్చి పంపేయకండి. నాతో సహా ఎవరినైనా ఈ అయిదూ చూపించాకే వదలండి.

1. టెస్ట్ పేజీ, తర్వాత మీరు రోజూ వాడే ప్రోగ్రామ్ నుంచి ఒక నిజం బిల్లు.
2. నోట్‌ప్యాడ్‌లో నాలుగు తెలుగు వాక్యాలు. వత్తులు, గుణింతాలు విడిపోకుండా రావాలి.
3. ప్రింటర్ స్విచ్ ఆపి, నిమిషం ఆగి ఆన్ చేసి మళ్లీ ప్రింట్. హెచ్‌పీ 1020 లాంటివాటికి అసలు పరీక్ష ఇదే.
4. కంప్యూటర్ రీస్టార్ట్ చేసి మళ్లీ ప్రింట్. ఇక్కడ ఆగిపోతే 7వ మెట్టుకు వెళ్లండి.
5. స్కానర్ అయితే 300 డీపీఐలో పూర్తి ఏ4 పేజీ. చిన్న ప్రివ్యూ వచ్చి, పూర్తి స్కాన్ మధ్యలో ఆగితే తప్పు ఎక్కువసార్లు యూఎస్‌బీ పోర్టుదే.

ఎంతకీ రాకపోతే

రెండు గంటలు దాటిందంటే ఆపేయండి. ఇంట్లో మూలన పడి ఉన్న పాత కంప్యూటర్ ఉంటే, పాత విండోస్‌తోనే దాన్ని ప్రింటర్‌కి కట్టేయండి. ఇంటర్నెట్ మాత్రం ఇవ్వకండి, ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లండి. డీటీపీ షాపుల్లో పేజ్‌మేకర్ కోసం ఎక్స్‌పీ కంప్యూటర్‌ని ఇన్నేళ్లుగా కాపాడుకుంటున్నది ఇలాగే.

లేదా లైనక్స్ మింట్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసి, ఇన్‌స్టాల్ చేయకుండానే బూట్ చేసి చూడండి. విండోస్ వదిలేసిన క్యానన్ లైడ్ స్కానర్లలో చాలావాటిని అది పెట్టగానే గుర్తుపడుతుంది.

కొత్త ప్రింటర్ కొనాల్సే వస్తే ఒకటి గుర్తుంచుకోండి. కంపెనీలు ఇచ్చే పాత తరహా డ్రైవర్లకు దశలవారీగా మంగళం పాడతామని మైక్రోసాఫ్ట్ 2023 సెప్టెంబరులోనే ప్రకటించింది. “మోప్రియా” లేదా “ఐపీపీ” సపోర్టు ఉన్న మోడల్ అడగండి. దానికి వేరే డ్రైవర్ అక్కర్లేదు.

ఇంకా విండోస్ 10లోనే ఉన్నవాళ్లకు

మీరు అదృష్టవంతులు. మైక్రోసాఫ్ట్ ఎక్స్‌టెండెడ్ అప్‌డేట్లలో చేరితే ఇళ్లలో వాడే కంప్యూటర్లకు 2026 అక్టోబరు 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. ఈలోపు పైన చెప్పిన ఫైల్‌రిపాజిటరీ ఫోల్డర్‌ని ఇప్పుడున్న సి డ్రైవ్ నుంచే పెన్‌డ్రైవ్‌లోకి తీసి పెట్టుకోండి. డివైస్ మేనేజర్‌లో ప్రింటర్, స్కానర్, సీరియల్ కేబుల్ హార్డ్‌వేర్ ఐడీలు, డ్రైవర్ వెర్షన్లు ఫోన్లో ఫొటో తీసుకోండి. ప్రింటర్ ఏ పోర్టులో ఉందో, కాంటా ఏ కామ్ నంబరో ఒక తెల్ల టేపు ముక్క మీద రాసి సీపీయూ పక్కకి అంటించండి. మెకానిక్ మారినా ఆ టేపు అక్కడే ఉంటుంది.